డాక్టరు గదిలో చెప్పని మాటలు

ఇప్పుడు నా బుర్ర బాగానే పనిచేస్తోంది. ఈ సంగతి ముందే చెప్పడానికి కారణం ఉంది. కిందటేడు ఎండాకాలం నుంచి ఉయ్యూరులో మా వీధివాళ్ళు, మా చర్చి సంఘంవాళ్ళు, మా బంధువులు నా మాట నమ్మడం మానేశారు. నేనేం చెప్పినా “అవునమ్మా, అవును” అని చెయ్యి నిమిరేవాళ్ళు. అలా నిమిరినవాళ్ళ పేర్లన్నీ నాకు గుర్తున్నాయి. ఇక్కడ రాయను. ఇది చదివితే ఎవరికి వాళ్ళే తెలుసుకుంటారు.

నా పేరు సుగుణ. అరవై ఎనిమిదేళ్ళు. విజయవాడ టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో ఆపరేటరుగా చేరి, ఆ పని అవసరం లేని రోజులొచ్చాక బిల్లుల కౌంటర్లో కూర్చుని రిటైరయ్యాను. మా ఆయన జయరాజు గారు పంచదార ఫ్యాక్టరీలో ఫిట్టరుగా చేశారు. ఒక్కతే కూతురు, సునీత. అల్లుడికి థర్మల్ పవర్ స్టేషన్లో ఉద్యోగం కాబట్టి కొండపల్లి దగ్గర ఉంటారు. అంటే వారం వారం వచ్చి నన్ను మందలించిపోయేంత దగ్గరే.

నాకు గొడవ మనిషినని పేరుంది. బస్సు ఆపకపోతే డిపోకి రాస్తాను. కరెంటు పోతే ఆఫీసుకి వెళ్ళి కూర్చుంటాను. ఎవరైనా ఒక మాట అంటే అది నా దగ్గర భద్రంగా ఉంటుంది. మా పెళ్ళిలో మా బావగారు నా చీర చూసి ఏమన్నారో ఇప్పటికీ ఆయన గొంతుతో సహా చెప్పగలను. ఈ గుణమే నా జబ్బుకి ముసుగైంది. అందుకే రాస్తున్నాను.

ఏప్రిల్, మే

బంధువుల పెళ్ళికి చీరలు కొనడానికి నేనూ మా ఆయనా మంగళగిరి వెళ్ళాం. తిరిగి వస్తుంటే ఆటో ఒక స్పీడు బ్రేకరు మీద ఎగిరింది. నా తల పైన ఉన్న ఇనప కమ్మీకి తగిలింది. కళ్ళు బైర్లు కమ్మాయి. ఆటో అతను వెనక్కి కూడా తిరక్కుండా “చూసుకుని కూర్చోవాలి కదండీ” అన్నాడు. దెబ్బ తిన్నది నేను, చూసుకోవలసింది కూడా నేనే. ఇంటికొచ్చి కొబ్బరినూనె రాసుకున్నాను. బొప్పి తగ్గింది. కోపం తగ్గలేదు.

కొన్ని వారాలు బాగానే గడిచాయి. ఆ తరవాత తల బరువెక్కడం మొదలైంది. నొప్పి అని చెప్పలేను. తల లోపల ఎవరో తడిగుడ్డ మడిచి పెట్టినట్టుండేది. కుడికాలి చెప్పు నడుస్తుండగా జారిపోయేది, అది జారినట్టు కూడా తెలిసేది కాదు. పప్పుగుత్తి చేతిలో పట్టుకుని దాని పేరు కోసం వెతుక్కునేదాన్ని. పులుసులో ఉప్పు వేసి, మళ్ళీ వేసేదాన్ని. ఒకరోజు విజయవాడ బస్టాండులో మా ఊరి బస్సనుకుని గుడివాడ బస్సెక్కాను. కంకిపాడు దాటి బస్సు పక్కదారి పట్టాక గాని తెలియలేదు. ముప్పై ఏళ్ళు తిరిగిన దారి అది. కండక్టరు దింపేస్తూ నా వంక చూసిన చూపు నాకు నచ్చలేదు.

ఇంట్లో చెప్పలేదు. మా ఆయన అన్నీ చూస్తూనే ఉన్నారు. ఆయనా ఏమీ అనలేదు. నేను స్టవ్ మీద గిన్నె మరిచిపోతే చప్పుడు కాకుండా వచ్చి ఆపేసేవారు. మామూలుగా ఎంత పనైనా నన్ను పిలిచి చేయించే మనిషి. ఆ మర్యాద చూసి నాకు భయం వేసింది.

జూన్

సునీత పట్టుబట్టి విజయవాడలో ఒక ఆసుపత్రికి తీసుకెళ్ళింది. అక్కడ ప్లాస్టిక్ కుర్చీల్లో ఎంతసేపు కూర్చున్నామంటే, పక్కన కూర్చున్న ముసలాయన తన మోకాళ్ళ చరిత్ర మొత్తం చెప్పి, మళ్ళీ మొదటినుంచి చెప్పడం కూడా అయిపోయింది. టీ తెచ్చుకుందామంటే పేరు పిలుస్తారేమోనని భయం. లోపలికి వెళ్ళేసరికి నా నోరు ఎండిపోయింది.

డాక్టరు చిన్నవాడు. నా వంక ఒకసారి చూసి, తరవాత అన్నీ మా ఆయన్నే అడిగాడు. “ఈవిడకి నిద్ర పడుతుందా? ఈవిడ తింటున్నారా?” అని. నేను ఆ గదిలో ఒక సూట్‌కేసులా కూర్చున్నాను. తరవాత నన్ను వందలోంచి ఏడేసి తీసేస్తూ పొమ్మన్నాడు. నేను జీవితమంతా అంకెలతో బతికినదాన్ని, కొంతదూరం తీశాను. తరవాత జంతువుల బొమ్మలు చూపించాడు. ఒకటి ముక్కు మీద కొమ్ముతో ఉంది. దాని పేరు చెప్పలేకపోయాను. కృష్ణా జిల్లాలో ఆ జంతువుతో ఎవరికి పని పడింది? గేదె బొమ్మ పెట్టి ఉంటే ఏ జాతో కూడా చెప్పేదాన్ని.

చివర్లో మా ఆయన్ని అడిగాడు. “మరుపు ఏమైనా ఉందాండీ ఈవిడకి?”

“అబ్బే, మరుపేంటండీ. మా అన్నయ్య పెళ్ళినాడు అన్న మాట కూడా అక్షరం పోకుండా అప్పజెబుతుంది.”

డాక్టరు నవ్వాడు. సునీత తల దించుకుంది. మా ఆయనా నవ్వారు. అందరూ తేలిగ్గా ఊపిరి పీల్చుకున్నారు. వయసు, నిద్ర చాలకపోవడం, కొంచెం దిగులు అని చెప్పి బలానికి మాత్రలు రాసిచ్చాడు. ఆ రోజు మా ఆయన మాటకి నాకు లోపల సంతోషమే వేసింది. అబద్ధం కూడా కాదు. ఆ మాట నాకు నిజంగానే గుర్తుంది. పొద్దున ఏం తిన్నానో గుర్తులేదు, అంతే.

జూలై

వానలు మొదలయ్యాక ఇంకా దిగజారాను. గ్లాసు పట్టుకుంటే జారేది. మాట మొదలుపెట్టి మధ్యలో ఆగిపోయేదాన్ని. నేను విసుక్కుంటే, “అది అమ్మ కాదు, జబ్బు మాట్లాడుతోంది” అని సునీత వాళ్ళ ఆయనకి ఫోన్లో చెబుతుండగా విన్నాను. నా జీవితంలో అంత అన్యాయమైన మాట వినలేదు. కాయగూరలవాడు పుచ్చు వంకాయలు తూస్తే అడగడం జబ్బా? ఇంతకాలం అడిగాను, అప్పుడెవరూ జబ్బనలేదు. నిజంగా జబ్బు చేశాక నేను పెట్టిన ప్రతి ఫిర్యాదూ జబ్బు ఖాతాలోకి పోయింది. తల బరువు గురించి చెప్పినా అందులోకే పోయింది.

ఒక ఆదివారం చర్చి ఆరాధనలో మా పాస్టరు అయ్యగారు ప్రార్థన మనవులు చదువుతూ, “మన సహోదరి సుగుణమ్మ గారి మతిస్థిమితం కొరకు ప్రార్థిద్దాం” అన్నారు. మైకులో. నేను స్త్రీల వైపు ముందు వరసలో కూర్చుని ఉన్నాను. లేచి అడగాలనుకున్నాను. నాకు కావలసిన మాట నోటి దాకా రాలేదు. అందరూ తలలు వంచుకుని ఆమేన్ అన్నారు. వాళ్ళతో పాటు నేనూ అన్నాను. అదే నాకు ఎక్కువ బాధ.

ఇంటికొచ్చాక మా ఆయన మీద విరుచుకుపడ్డాను. “అయ్యగారికెవరు చెప్పారు నాకు మతి లేదని?”

“లోకంలో అందరికీ కళ్ళున్నాయి కదా” అన్నారు మా ఆయన, చొక్కా విప్పుకుంటూ. నేను అయ్యగారి తప్పే అనుకున్నాను. చాలా రోజులు ఆయనకి వందనం చెప్పలేదు.

ఆగస్టు

ఒక ఉదయం స్నానాల గది గడప దగ్గర కాలు లేవలేదు. కూలబడ్డాను. ఈసారి వేరే ఆసుపత్రికి తీసుకెళ్ళారు. దారంతా వాన. సునీత నా తల ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. దాని చున్నీ వాసన తప్ప ఆ ప్రయాణం నాకేమీ గుర్తులేదు.

అక్కడ పెద్దవయసు వాళ్ళని చూసే డాక్టరు ఒకావిడ ఉన్నారు, హసీనా గారు. “తలకి దెబ్బేమైనా తగిలిందా?” అని అడిగారు. “లేదండీ” అన్నారు మా ఆయన. దెబ్బ తగిలిన రోజు ఆయన నా పక్కనే కూర్చున్నారు. కానీ ఆయనకి అది దెబ్బగా గుర్తులేదు, నా కోపంగా గుర్తుంది.

నేను ఎక్కడినుంచో మాట పీక్కుని “ఆటో” అన్నాను. తరవాత “చూసుకోవాలి కదండీ అన్నాడు” అన్నాను.

“ఇలాగే ఏదేదో మాట్లాడుతోందండీ” అంది సునీత ఏడుస్తూ.

హసీనా గారు మాత్రం మంచం మీదకి వంగి, నా మొహానికి దగ్గరగా వచ్చి అడిగారు. “ఎవరన్నారమ్మా? ఏ ఆటో?”

ఎన్నో నెలల తరవాత నా ఫిర్యాదు ఒకరు విన్నారు. నేను చెయ్యెత్తి నా తల మీద చూపించాను. వెంటనే స్కాన్‌కి పంపారు. ఆటో దెబ్బకి తలలో రక్తం ఊరి, నెలల తరబడి కొంచెం కొంచెంగా గూడుకట్టి, మెదడుని నొక్కుతోందని చెప్పారు. అది నా వయసూ కాదు, దిగులూ కాదు. తీసేస్తే చాలావరకు కోలుకుంటారని, ఇంకొన్నాళ్ళు ఆగి ఉంటే చెప్పలేమని అన్నారట.

ఆపరేషన్ సంగతి నేను చెప్పలేను, నేను అక్కడ లేనట్టే. బయట వసారాలో మా ఆయనా సునీతా పోట్లాడుకున్నారని తరవాత తెలిసింది. “ముందు డాక్టరుకి సరిగ్గా చెప్పుంటే” అని అది, “నువ్వు మాత్రం నోరు విప్పావా” అని ఆయన. ఎవరో ముక్కూ మొహం తెలియని ఆవిడ తన క్యారియర్లో ఇడ్లీలు ఇద్దరికీ చెరి సగం పెట్టి, “ముందు తినండి, తరవాత పోట్లాడుకుందురు గాని” అందట. ఆవిడ ఎవరో నాకు తెలియదు. తెలిసిన చాలామంది కంటే మంచి మనిషి.

సెప్టెంబరు

మాటలు తిరిగొచ్చాయి. ఎలా అంటే, కరెంటు పోయిన ఇంట్లో ఒక్కో గదిలో లైటు వెలిగినట్టు. పప్పుగుత్తి అన్న మాట రాగానే గట్టిగా పలికాను. నర్సు వింతగా చూసింది. చెయ్యి మాత్రం ఇప్పటికీ కొంచెం మొద్దుగానే ఉంది.

తల గొరిగారు కదా. ఇంటికొచ్చిన రోజే ఎదురింటావిడ “ఎప్పుడు వెళ్ళొచ్చారండీ తిరుపతి?” అని అడిగింది. నలభై ఏళ్ళుగా మేం ఆదివారం పూట ఎక్కడికి వెళతామో ఆవిడకి తెలుసు.

ఆ నెలలోనే మా సంఘంలో రాహేలమ్మ నన్ను చూడ్డానికి వచ్చింది. బుధవారం ప్రార్థన కూడిక వాళ్ళింట్లోనే జరుగుతుంది. నేను వెళ్ళను. వాళ్ళ మనవడి పుట్టినరోజుకి పిలిచి, నన్ను ఆఖరి బంతిలో కూర్చోబెట్టి, ముక్క లేని పులుసు వడ్డించింది. అప్పటినుంచి మా ఆయన ఒక్కరే వెళుతున్నారు.

రాహేలమ్మ నా చెయ్యి పట్టుకుని, “దేవుడు విన్నాడక్కా. ఎండాకాలం నుంచి ఎంత ప్రార్థించామో” అంది.

“ఎండాకాలం నుంచా? నేను పడిపోయింది ఆగస్టులో కదా.”

“అంతకుముందే అన్నయ్యగారు చెప్పారుగా. మీరు గుడివాడ బస్సెక్కడం, స్టవ్ మీద గిన్నె మాడిపోవడం, చెప్పు జారిపోవడం, అన్నీ. ఒకరోజైతే ఏడ్చేశారు. మేమందరం మోకాళ్ళ మీదే ఉన్నాం.”

ఆవిడ వెళ్ళేదాకా ఓర్చుకున్నాను. నా చెప్పు జారే సంగతి నేను ఎవరితోనూ అనలేదు. ఆయన చూశారు. గుడివాడ బస్సు సంగతి కూడా ఎలాగో తెలుసుకున్నారు. ఏ డాక్టరైనా వింటే వెంటనే స్కాన్ రాసేంత వివరంగా రాహేలమ్మ వాళ్ళింటి ముందుగదిలో చెప్పారు. ఒక్క డాక్టరుకి తప్ప ఉయ్యూరులో సగం మందికి నా జబ్బు తెలుసు.

“ఏమండీ, దేవుడికి చెప్పిన మాట డాక్టరుకి చెప్పడానికేం?” అన్నాను.

ఆయన లేచి రాహేలమ్మ తాగిన గ్లాసు వంటింట్లో పెట్టొచ్చారు. తరవాత అన్నారు. “డాక్టరు దగ్గర నువ్వు పక్కనే కూర్చున్నావు. నీ మొహం చూస్తూ, ఈవిడకి మతి తప్పుతోందని ఎట్లా చెప్పను? నీకు తెలిసిపోతుంది కదా.”

“రాహేలమ్మకి తెలిస్తే ఫరవాలేదా?”

“అక్కడ కళ్ళు మూసుకుని చెబుతాం, సుగుణా.”

క్షమించానని ఎవరూ అనుకోవద్దు. కానీ అది ఆయన ఒక్కరి తప్పు కాదని అర్థమైంది. మా వైపు అందరం ఇంతే. పెద్దవాళ్ళ లోపం వాళ్ళ ఎదురుగా పరాయివాళ్ళకి చెప్పడం మర్యాద కాదు. డాక్టరు పరాయివాడు. ప్రార్థనలో పక్కన మోకరించినవాళ్ళు పరాయివాళ్ళు కారు.

డిసెంబరు, జనవరి

చెకప్‌కి వెళ్ళినప్పుడు హసీనా గారు ఒక సంగతి అడిగారు. వయసు మీద పడుతున్నవాళ్ళ జ్ఞాపకశక్తి ఎలా మారుతుందో ఏడాదికోసారి చూసే ఒక పరిశోధన వాళ్ళ దగ్గర జరుగుతోందట. జబ్బు పడి లేచినవాళ్ళూ కావాలి, ఏ జబ్బూ లేనివాళ్ళూ కావాలి. “సిటీలో చదువుకున్నవాళ్ళు వస్తున్నారు. మీ ఊళ్ళ నుంచి, పొలం పనులు చేసినవాళ్ళు, ఫ్యాక్టరీలో చేసినవాళ్ళు, మీ సంఘాలవాళ్ళు రావడం లేదమ్మా. ఎందుకో చెప్పండి” అన్నారు.

ఎందుకో చెప్పమంటే నాకు కావలసినంత ఉంది. చాలా ఏళ్ళ కిందట మా చర్చి ఆవరణలో ఎవరో శిబిరం పెట్టి, పెద్దవాళ్ళందరి దగ్గరా రక్తం తీసుకెళ్ళారు. ఫలితం చెబుతామన్నారు. ఈ రోజుకీ చెప్పలేదు. నా రక్తం ఏమైందని నేను అడగని మనిషి లేడు. ఆ సంగతి చెప్పాను. కొమ్ము జంతువు బొమ్మ సంగతీ చెప్పాను.

“ఆ కొలతలు ఎక్కడెక్కడి వాళ్ళనో చూసి తయారైనవి. మీరెవరూ రాకపోతే అవే ఉంటాయి. మీకు మరుపు లేకపోయినా ఉన్నట్టు, ఉన్నా లేనట్టు చూపిస్తాయి” అన్నారు ఆవిడ. నన్ను బుజ్జగించలేదు. అందుకు నచ్చింది.

నా షరతులు చెప్పాను. ఏం తేలిందో ప్రతి మనిషికీ తెలుగులో, నోటితో చెప్పాలి. ఉయ్యూరు నుంచి ముసలివాళ్ళని పొద్దున్నే రప్పించి సాయంత్రం దాకా కూర్చోబెట్టకూడదు. పిలవడానికి మీరే మా దగ్గరికి రావాలి, అదీ బుధవారం. అన్నిటికంటే ముఖ్యం, తోడు వచ్చిన మనిషిని వేరే గదిలో, తలుపు వేసి అడగాలి.

“తోడు మనిషి తప్పనిసరి అని మేమే అంటాం. కానీ ఇద్దరినీ ఒకే గదిలో కూర్చోబెడుతున్నాం” అన్నారు హసీనా గారు, కాస్త ఆలోచించి. మొదటి మూడూ వాళ్ళ పైవాళ్ళని అడగాలన్నారు. నాలుగోది అప్పుడే ఒప్పుకున్నారు.

ఆవిడ నిజంగానే బుధవారం వచ్చారు. నేను కూడా ఇన్నాళ్ళకి రాహేలమ్మ గడప తొక్కాను. పులుసు సంగతి ఎత్తలేదు, టీ మాత్రం తాగలేదు. హసీనా గారు పరిశోధన సంగతి చెప్పారు. ముందుగా రాహేలమ్మే అడిగింది. “పిచ్చి పరీక్షలా డాక్టరమ్మా ఇవి? మా పిల్లలకి సంబంధాలు చూస్తున్నాం.”

“నా తల చూడండి. ఇది పిచ్చా?” అని నేను ముసుగు తీశాను. జుట్టు ఇంకా వేలెడు కూడా పెరగలేదు. మచ్చ కనపడుతోంది. “మీరందరూ నా కోసం ప్రార్థించారు, సంతోషం. ఒక్కరైనా డాక్టరు చెవిన వేసి ఉంటే నాకు ఈ మచ్చ జూన్‌లోనే పడేది, ఆగస్టు దాకా కాలు ఈడ్చేదాన్ని కాదు.”

అయ్యగారు అక్కడే ఉన్నారు. ఆయన్ని కూడా చూస్తూనే అన్నాను. ఆయన గొంతు సవరించుకుని, రెండూ చెయ్యాలి సహోదరీ, అన్నారు. ఆ రోజు కొందరు పేర్లిచ్చారు. రాహేలమ్మ ఇవ్వలేదు. తరవాత వాళ్ళత్తగారిని తీసుకొచ్చింది.

ఫిబ్రవరి

మా ఇద్దరినీ ఒకే రోజు పిలిచారు. మా ఆయనకి డెబ్బై దాటింది కాబట్టి ఆయనా చేరారు. నాకు తోడు ఆయన, ఆయనకి తోడు నేను.

ముందు నా గురించి ఆయన్ని అడిగారు. తలుపు వేశారు. నేను బయట బెంచీ మీద కూర్చున్నాను. ఆయన చాలాసేపటికి వచ్చి, జేబురుమాలుతో కళ్ళజోడు తుడుచుకుంటూ నా పక్కన కూర్చున్నారు. ఏం చెప్పారో నేను అడగలేదు. నా వెనక నా గురించి ఎవరేమన్నారో తెలుసుకోకుండా వదిలెయ్యడం నాకు అలవాటు లేని పని. కష్టంగానే ఉంది.

తరవాత నన్ను పిలిచారు. తలుపు నేనే వేశాను.

“జయరాజు గారి గురించి చెప్పండి. ఈ ఏడాదిలో ఏమైనా మారారా?” అని అడిగారు హసీనా గారు.

నాకు ఉత్సాహం వచ్చింది. గురక, తడి తువ్వాలు మంచం మీద పడెయ్యడం, వాళ్ళ అన్నయ్యని ఒక్క మాట అననివ్వకపోవడం, అన్నీ చెప్పాను. ఆవిడ నవ్వారు. “ఇవన్నీ పెళ్ళైనప్పటి నుంచీ ఉన్నవే కదమ్మా. నేనడిగేది కొత్తవి. మరుపు ఏమైనా?”

నేను ఆగిపోయాను. మాట రాక కాదు. మాట ఉంది. ఆయన తలుపు అవతలే ఉన్నారు, నాకు మంచినీళ్ళ సీసా పట్టుకుని. డాక్టరమ్మ మంచి మనిషే, అయినా ఆ క్షణాన పరాయి మనిషిలాగే కనిపించింది. ఆయన పరువు నా నోట్లో ఉన్నట్టనిపించింది. ఏమీ లేదని చెప్పి లేచి వచ్చెయ్యడం ఎంత తేలికో అప్పుడు తెలిసింది. ఏ తప్పూ చేసినట్టు కూడా ఉండదు.

హసీనా గారు తొందరపెట్టలేదు.

“క్రిస్మస్ ముందు సునీత వాళ్ళింటికి వెళ్ళాం” అన్నాను. “ఎప్పుడూ వెళ్ళే ఇల్లే. సందు మొదట్లో ఆగిపోయి, ఎటు తిరగాలో నన్ను అడిగారు. మళ్ళీ మొన్న కూడా అడిగారు.”